నల్లమల: రాయి, నీరు, అడవి – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నల్లమల కొండల గురించి పాఠకులు వేర్వేరుగా పంపిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాము. ఒకరు మహానంది కోనేటి గురించి, ఒకరు మార్కాపురం పలకల గురించి, మరొకరు శ్రీశైలం దారిలో కనిపించిన రాతి గురించి అడిగారు. పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించినా, వీటిలో చాలావాటికి జవాబు ఆ కొండల్లో పక్కపక్కనే ఉన్న రెండు రకాల రాళ్లలోనే ఉంది. ఒకటి ఎంతకీ అరగని గట్టి రాయి, మరొకటి వానకు, వాగుకు త్వరగా లొంగిపోయే మెత్తని రాయి.

ప్రశ్న: నల్లమల తూర్పు కనుమలలో భాగమని చదువుకున్నాం. అరకు కొండలూ తూర్పు కనుమలే. మరి ఈ రెండూ ఒకే పర్వతశ్రేణి అవుతాయా? ఇవి హిమాలయాల కన్నా పాతవన్న మాట నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

పటంలో చూస్తే ఒకే వరుస, పుట్టుక చూస్తే వేరు వేరు. పడమటి కనుమల మాదిరిగా తూర్పు కనుమలు తెగకుండా సాగే గోడ కాదు. గోదావరి, కృష్ణ, పెన్న నదులు వాటిని ముక్కలుగా కోశాయి. ఉత్తరాన అరకు, పాడేరు ప్రాంతపు కొండలు ఖోండలైట్, చార్నొకైట్ అనే రాళ్లతో ఏర్పడినవి. అవి భూమి లోపల చాలా లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రూపం మారిపోయిన రాళ్లు. నల్లమల రాళ్లు అలాంటివి కావు. అవి ఒకప్పటి సముద్రం అడుగున ఇసుకగా, బురదగా పేరుకుని, కాలక్రమంలో గట్టిపడిన పొరలు. ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది, బురద గట్టిపడి షేల్‌గా, కొన్నిచోట్ల పలకరాయిగా మారింది. ఆ సముద్రపు అడుగునే నేడు శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అంటున్నారు. నెలవంక ఆకారంలో, లోపలి వంపు తూర్పు వైపుకు తిరిగి ఉండే ఈ బేసిన్‌లో తూర్పు సగాన్ని ఆక్రమించుకున్నవే నల్లమల, వెలికొండలు.

ఉత్తరాన కృష్ణ నుంచి దక్షిణాన పెన్న వరకు నల్లమల దాదాపు 150 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. పడమట కుందూ లోయ, దాని అవతల ఎర్రమల కొండలు ఉంటాయి. తూర్పున సగిలేరు లోయ, దాని అవతల వెలికొండలు కనిపిస్తాయి. కుందూ, సగిలేరు రెండూ దక్షిణానికి పారి పెన్నలో కలుస్తాయి. మీ నంద్యాల చుట్టుపక్కల ఉన్న నల్లరేగడి భూములన్నీ కుందూ లోయలోవే. సగటున 500 మీటర్లకు కాస్త పైన ఉండే ఈ కొండల్లో కంభానికి వాయవ్యంగా ఉన్న భైరాని కొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం శిఖరాలు 900 మీటర్లు దాటుతాయి.

వయసు విషయానికి వస్తే ఒక తేడా గుర్తుంచుకోవాలి. రాయి వయసు వేరు, కొండ ఎత్తు వయసు వేరు. గాజులపల్లి, దిగువమెట్ట మధ్య చెలమ అనే చోట నల్లమల పొరలను చీల్చుకుంటూ పైకి వచ్చిన లాంప్రోయిట్ అనే అగ్నిశిల ఉంది. వజ్రాలుండే శిలగా భూగర్భశాస్త్రంలో దానికి పేరుంది. దాని వయసు సుమారు 140 కోట్ల సంవత్సరాలు. అది చీల్చుకు వచ్చిన పొరలు అంతకంటే పాతవై తీరాలి కదా! హిమాలయాలు లేవడానికి కారణమైన భూఖండాల తాకిడి మొదలై 5 కోట్ల సంవత్సరాలు మాత్రమే అయింది. ఆ లెక్కన నల్లమల రాయి ఎంతో పాతది. అయితే ఈనాడు మనం చూస్తున్న లోయలు, చరియలు, గండ్లు ఆ పాత రాతిని వానలూ నదులూ తరువాతి యుగాలలో చెక్కగా ఏర్పడినవి. మెత్తని షేల్ ముందుగా కొట్టుకుపోయి లోయలయింది, గట్టి క్వార్ట్‌జైట్ మిగిలి శిఖరాలయింది. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే నల్లమల పటం సగం అర్థమైనట్టే.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు దాటాక ఎంతో దూరం బల్లపరుపుగా ఉంటుంది. దోర్నాల వైపు నుంచి వస్తే మాత్రం కొండ తరువాత కొండ, అన్నీ వంపులే. ఒకే నల్లమలలో ఈ తేడా ఎందుకు? దారి పక్కన ఒక బండ మీద నీటి అలల వంటి గీతలు చూశాను. అవి ఎవరైనా చెక్కినవా?
– ప్రభుత్వోద్యోగి, హైదరాబాద్

మీరు చూసిన తేడా నిజమైనదే. దాని వెనుక పెద్ద కథ ఉంది.

కంభం, గిద్దలూరు, అహోబిలం ప్రాంతాల నల్లమల మడతలు పడిన నల్లమల. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి పొరలన్నీ, నేల మీద పరిచిన దుప్పటిని ఒక పక్క నుంచి నెట్టినప్పుడు ముడతలు లేచినట్టు, వరుసలు వరుసలుగా పైకి లేచాయి. అందుకే అక్కడ కొండలు చాళ్లు చాళ్లుగా ఉంటాయి. కొండల చాలు, దాని పక్కన లోయ, మళ్లీ కొండల చాలు. శ్రీశైలం, అమ్రాబాద్ ప్రాంతాలలో పైన ఉన్న రాతిపొరలు ఆ మడతల తరువాతి కాలంలో పరుచుకున్నవి. ఆ ఒత్తిడి వాటికి తగల్లేదు. కనుక అవి నేటికీ దాదాపు బల్లపరుపుగానే ఉన్నాయి. మన్ననూరు దగ్గర ఘాట్ ఎక్కగానే మీరు ఆ పొరల పైకి చేరుకుంటారు. దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగేదాకా ఆ పీఠభూమి మీదనే ప్రయాణిస్తారు. ఆ పీఠభూమికి రెండు మెట్లున్నాయి. 

దారి పక్క బండ మీద మీరు చూసినవి మనిషి చెక్కిన గీతలు కావు. తక్కువ లోతులో, ఒడ్డుకు దగ్గరగా నీరు కదులుతున్నప్పుడు ఇసుక మీద ఏర్పడిన అలల ముద్రలవి. ఈసారి అటు వెళ్లినప్పుడు బండి ఆపడానికి వీలున్న చోట ఒక నిమిషం వంగి చూడండి. గీతకూ గీతకూ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం ఉంటుంది. గట్టు రెండు వైపులా సమానంగా వాలి ఉంటే, అక్కడ నీరు ముందుకూ వెనక్కూ ఊగిందని అర్థం. ఒక వైపు నిటారుగా, మరో వైపు ఏటవాలుగా ఉంటే నీరు ఒకే దిశలో పారిందని, నిటారుగా ఉన్న వైపుకే ప్రవాహం సాగిందని చెప్పవచ్చు. చేపలు కూడా పుట్టని కాలంలో, గడ్డిపోచ లేని ఒడ్డున, ఒకనాటి నీరు ఏ వైపుకు పారిందో ఈనాడు వేలితో తడిమి తెలుసుకోగలగడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. పక్కనే విరిగిన రాతిముక్క ఉంటే దాన్నీ పరిశీలించండి. మామూలు ఇసుకరాయి విరిగినప్పుడు ఇసుక రేణువుల చుట్టూ విరుగుతుంది. క్వార్ట్‌జైట్‌లో రేణువుల మధ్య ఖాళీలన్నీ సిలికాతో నిండి ఒకటైపోయి ఉంటాయి కనుక, విరుగు రేణువులను చీల్చుకుంటూ పోతుంది. అందుకే ఆ ముఖం నున్నగా, మెరుస్తూ ఉంటుంది. ఇంత గట్టి రాయి కనుకనే కృష్ణానది దాన్ని వెడల్పుగా అరగదీయలేక లోతుగా కోసింది. నిటారైన గోడల నడుమ ఏర్పడిన ఆ ఇరుకు లోయే శ్రీశైలం ఆనకట్టకు అనువైన చోటు అయింది. కొండలు ఈ రూపం దాల్చకముందే నది అక్కడ ఉందని, కొండల చుట్టూ తిరగకుండా వాటి నడుమ నుంచే దారి నిలుపుకుందని భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ప్రశ్న: ఎంత కరవు వచ్చినా మహానంది కోనేరు ఎండదంటారు. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుంది? చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఎందుకుంటుంది?
– అరటి రైతు, నంద్యాల జిల్లా

క్వార్ట్‌జైట్ గట్టిదే గాని పెళుసుది. మడతలు పడేటప్పుడు మెత్తని షేల్ వంగింది, క్వార్ట్‌జైట్ మాత్రం పగిలింది. కనుక కొండల మీద పడిన వానలో కొంత ఆ పగుళ్ల గుండా లోపలికి దిగిపోతుంది. అడవి ఆకురాలు, వేళ్లు, వెదురు పొదల మొదళ్లు వాన నీటిని ఒక్కసారిగా జారిపోనీయకుండా ఆపి, ఇంకడానికి సమయమిస్తాయి. లోపలికి దిగిన నీటిని కింద ఉన్న షేల్ పొర ఇంకా కిందికి పోనివ్వదు. ఆ నీరు నెమ్మదిగా పక్కకు కదులుతూ కొండ అంచుకు వస్తుంది. నల్లమల పడమటి అంచు సాధారణమైన వాలు కాదు. నల్లమల పొరలు పడమటికి నెట్టుకువచ్చి కుందూ లోయ రాళ్లను తాకిన పెద్ద పగులు అది. మహానంది సరిగ్గా ఆ అంచున ఉంది. లోపల నడిచిన నీటికి బయటపడే దారి అక్కడ దొరికింది.

ఈ ప్రయాణం చాలా నిదానమైనది. ఈ రోజు కోనేటిలో కనిపించే నీరు నిన్నటి వానది కాదు. ఒక ఏడాది వాన తగ్గినా ఊట వెంటనే తగ్గకపోవడానికి ఇదే కారణం. నేలలో పది పదిహేను మీటర్ల లోతు దాటితే ఎండాకాలానికీ చలికాలానికీ వేడిలో తేడా ఉండదు. అక్కడి నుంచి వచ్చే నీరు ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేడితో ఉంటుంది. మారేది మన చుట్టూ ఉన్న గాలి. అందువల్ల పుష్యమాసంలో ఆ నీరు గోరువెచ్చగా, వైశాఖంలో చల్లగా తోస్తుంది. రాతి పగుళ్ల గుండా వడకట్టుకుని వస్తుంది కనుక అడుగున ఉన్న నాణెం కూడా స్పష్టంగా కనిపించేంత తేటగా ఉంటుంది.

మీరు రైతు కనుక ఒక్క మాట చెప్పాలి. మీ అరటి తోటకు వచ్చే నీటికి మూలం గుడి ప్రాంగణంలో లేదు, పైనున్న అడవిలో ఉంది. కొండ మీద చెట్టు పోతే వాన ఇంకదు, ఇంకని వాన వరదగా వచ్చి ఒక్క రోజులో కుందూలోకి వెళ్లిపోతుంది. నల్లమలను పులుల అడవిగా మాత్రమే చూసేవారికి, అది ముందుగా నీళ్ల అడవి అని గుర్తుచేయవలసిన బాధ్యత దాని అంచున సేద్యం చేసేవారికే ఎక్కువ ఉంది.

ప్రశ్న: పలకలకు మార్కాపురమే ఎందుకు ప్రసిద్ధి? అదే కొండల పడమటి వైపు పలకరాయి ఎందుకు దొరకదు?
– ఉపాధ్యాయుడు, మార్కాపురం

పలక కావాలంటే బురద గట్టిపడితే చాలదు, ఆ తరువాత నలగాలి కూడా. పక్క నుంచి ఒత్తిడి పడినప్పుడు బురదరాతిలోని సన్నని అభ్రకం వంటి రేకులన్నీ ఆ ఒత్తిడికి అడ్డంగా, ఒకే దిశలో సర్దుకుంటాయి. ఆ దిశలో రాయి రేకులు రేకులుగా విడిపోతుంది. తూర్పు వైపు ఒత్తిడి ఎక్కువ. కంభం షేల్ అని పిలిచే ఆ మెత్తని రాయి అక్కడ విస్తారంగా ఉంది. ఈ రెండూ కలిసిన చోటు మార్కాపురం. పడమట కుందూ లోయలో ఉన్న షేల్ ఇంకా తరువాతి కాలానిది, అంతగా నలగనిది. అది పెళ్లలుగా పొడి అవుతుందే గాని పలకలుగా లేవదు.

మీ విద్యార్థులను ఒకసారి క్వారీ దగ్గరకు తీసుకువెళ్లండి. పనివారు రాతి దిమ్మను నిలబెట్టి, అంచున సన్నని ఉలి ఆనించి, చిన్న సుత్తితో తేలికగా తడతారు. రెండు మూడు చోట్ల అలా తట్టాక, పెద్దగా బలం పెట్టకుండానే ఒక రేకు మొత్తం లేచి వస్తుంది. ఆ రేకు మీద ఒక్కోసారి ఏటవాలుగా పోయే లేత రంగు చార ఉంటుంది. ఆ చారే అసలు పొర, అంటే ఒకనాటి సముద్రపు అడుగున బురద పేరుకున్న వరుస. పలక చీలిన దిశ వేరు, బురద పేరుకున్న దిశ వేరు. రెండూ ఒక్క రేకు మీద కనిపిస్తాయి. పుస్తకంలో రెండు పేజీలు చదివినా అర్థం కాని విషయం ఆ ఒక్క చారతో పిల్లలకు బోధపడుతుంది. పలక కోతలో లేచే సిలికా పొడి ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది. యంత్రం దగ్గర నీళ్లు చిమ్ముతూ కోయించడం, పనివారికి తగిన మాస్కులు ఇవ్వడం యజమానుల దయ మీద వదలవలసిన విషయాలు కావు.

ప్రశ్న: కంభం చెరువు, పోరుమామిళ్ల చెరువు, ఇప్పుడు వెలిగొండ ప్రాజెక్టు జలాశయం. ఇవన్నీ నల్లమల తూర్పు పక్కనే ఎందుకు వచ్చాయి?
– విశ్రాంత ఇంజనీరు, ఒంగోలు

మీరు వృత్తిరీత్యా గమనించిన విషయానికి కారణం గండ్లే. మడతల వల్ల ఏర్పడిన క్వార్ట్‌జైట్ చాళ్లను వాగులు అక్కడక్కడ తెంచుకుని బయటపడతాయి. ఆ తెగిన చోటు ఇరుకుగా, రెండు పక్కలా గట్టి రాతితో ఉంటుంది. దాని వెనుక షేల్ లోయ వెడల్పుగా, పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. చిన్న కట్ట వేస్తే పెద్ద చెరువు నిండుతుంది.

కంభం దగ్గర గుండ్లకమ్మ, జంపలేరు కలిసి పారే గండికి విజయనగర కాలంలో కట్ట వేశారు. వరదరాజమ్మ అనే రాజకుమారి ఈ చెరువు కట్టించిందని చెబుతారు. గుండ్లకమ్మ పుట్టింది గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గరి అడవిలోనే. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, ఇతనికే భవదూరుడని మరో పేరు, ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని ఆ శాసనమే చెబుతుంది. అంతకన్నా ముఖ్యంగా, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను అందులో వరుసగా చెక్కించారు. కొండ నుంచి వచ్చే తీయని నీటి నది ఉండాలి, కొండ భాగాల నడుమ కట్ట పడాలి, ఆ కట్ట మరీ పొడవుగా ఉండకూడదు, గట్టిగా ఉండాలి అన్నవి ఆ లక్షణాలలో ఉన్నాయి. భూగర్భశాస్త్రం అన్న పేరు లేని కాలంలో ఆ నేలను అంత నిశితంగా చదివినవారు మన దగ్గర ఉన్నారు. ఈ రెండు చెరువులనూ 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలుగా గుర్తించింది.

వెలిగొండ ప్రాజెక్టులోనూ సూత్రం అదే. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు గండ్లను మూసి నల్లమల సాగర్ జలాశయాన్ని రూపొందించారు. తేడా ఏమిటంటే, ఆ నీరు పక్క వాగుల నుంచి కాక, శ్రీశైలం జలాశయం దగ్గరి కొల్లం వాగు నుంచి కొండల కింద తవ్విన రెండు సొరంగాల ద్వారా రావాలి. ఒక్కో సొరంగం పొడవు దాదాపు 18.8 కిలోమీటర్లు. ఫ్లోరైడ్ నీటితో తరాలుగా బాధపడుతున్న మార్కాపురం, కనిగిరి ప్రాంతాలకు ఈ నీటి విలువ ఎంతో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రశ్న: అంత గట్టి రాయి అయితే శ్రీశైలం ఎడమగట్టు సొరంగం ఎందుకు కూలింది? అమ్రాబాద్‌లో యురేనియం ఉందంటున్నారు, అది కూడా ఈ రాతిలోనేనా?
– పాఠకుడు, అచ్చంపేట

రెండు ప్రశ్నలకూ పగుళ్లే సమాధానం. రాయి ముక్కగా చూస్తే గట్టిదే, కొండగా చూస్తే లెక్కలేనన్ని పగుళ్లున్నది. మహానందిలో పుణ్యతీర్థమై వచ్చే నీరు, భూమి లోపల పని చేసేవారికి ప్రాణాంతకం కావచ్చు. దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన ఆ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి, నీరు, బురద ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిని కాపాడలేకపోయారు. పైన పులుల అభయారణ్యం ఉన్నందున నడుమ నిలువు బావులు తవ్వే వీలు లేక, రెండు కొసల నుంచే పని సాగించవలసి రావడం ఈ సొరంగానికి ఉన్న పెద్ద కష్టం. ఇంజనీరింగ్ లోపాలు ఏమిటన్నది నిపుణులు తేల్చవలసిన మాట. నల్లమల లోపల నీరు ఎక్కడ నిలిచి ఉందో ముందుగా ఎంత తెలుసుకుంటే అంత మేలు అన్నది మాత్రం అందరూ ఒప్పుకోవలసిన మాట.

యురేనియం సంగతికి వస్తే, అమ్రాబాద్ పీఠభూమి పొరల కింద వాటికన్నా చాలా పాతదైన గ్రానైట్ ఉంది. ఆ గ్రానైట్‌లో స్వల్పంగా ఉన్న యురేనియాన్ని నీరు కరిగించి తెచ్చి, రెండు రాళ్ల హద్దు దగ్గర నిలిపింది. అన్వేషణ ప్రతిపాదన మీద స్థానికులు, చెంచులు, పర్యావరణవాదులు పెద్దఎత్తున అభ్యంతరం చెప్పారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. నీరు ఏ పగుళ్ల గుండా కదిలి యురేనియాన్ని పోగుచేసిందో, అలాంటి పగుళ్ల గుండానే నేడు కృష్ణలోకీ చేరుతోంది. అక్కడ రాయిని కదిలిస్తే నీటిని కదిలించినట్టే. ఆ తీర్మానం సరైనదేనని నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న: నల్లమల అడవి అంతా ఒకేలా ఉంటుందా? కలివికోడి నల్లమల పక్షేనా?
– పక్షుల మీద ఆసక్తి ఉన్న పాఠకురాలు, కడప

ఒకేలా ఉండదు. మొత్తం మీద ఇది ఆకురాల్చే అడవి. లోయల్లో మట్టి లోతుగా, తేమగా ఉన్నచోట టేకు, నల్లమద్ది, ఏగిస, వెదురు ఎక్కువ. మట్టి పలచగా ఉన్న క్వార్ట్‌జైట్ వాలుల మీద అందుగు, తపసి, చిరుమాను నిలబడతాయి. తపసి చెట్టు బెరడు తెల్లగా, కాగితంలా లేస్తుంది. దాని బంకను చెంచులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. దక్షిణానికి, పెన్న వైపుకు వచ్చేకొద్దీ వాన తగ్గి, రాతి నేల పెరిగి, ఎర్రచందనం కనిపిస్తుంది. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రధానంగా ఈ దక్షిణపు కొండల్లోనే.

అదే నిటారైన చరియలు కొండతేనెటీగలకు నెలవు. పెరలు అందుకోవడానికి చెంచులు తాడు కట్టుకుని అంచు నుంచి కిందికి దిగుతారు. పైన తాడు పట్టుకునేవాడు భార్య తోడబుట్టినవాడై ఉండాలన్నది వారి ఆనవాయితీ. తన అక్కో చెల్లెలో విధవరాలు కావాలని అతడు కోరుకోడు కనుక తాడు వదలడన్న నమ్మకం అందులో ఉంది. కొంత తేనెను ఈగలకు విడిచిపెట్టడం కూడా వారి పద్ధతే. ఈ కొండల గురించి ఏ నిర్ణయం తీసుకున్నా ముందుగా అడగవలసినది ఈ మనుషులను.

కలివికోడి అచ్చంగా మీ కడప జిల్లా పక్షి. అది దట్టమైన అడవిలో ఉండదు. లంకమల కొండల పాదాల దగ్గర, ముళ్లపొదల మధ్య అక్కడక్కడ ఖాళీ నేల ఉన్నచోట, రాత్రిపూట తిరుగుతుంది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానిక వేటగాళ్ల సాయంతో, రెడ్డిపల్లి దగ్గర దాని ఉనికిని మళ్లీ నిర్ధారించారు. తరువాతి పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టి బాటలను చదును చేసి, తెల్లవారి వచ్చి వాటి మీద పడిన అడుగుజాడలు చూసి అది ఎక్కడ తిరిగిందో లెక్కగట్టేవారు. మరీ చిక్కగా పెరిగిన పొదలూ దానికి పనికిరావు, మొత్తం నరికేసిన నేలా పనికిరాదు. మేకలు, గొర్రెలు కాస్త మేసి వెళ్లే నేల దానికి సరిపోతుంది. ముళ్లపొదల నేలను పనికిరాని బీడుగా లెక్కగట్టి, అక్కడ కాలువలూ తోటలూ వేయడమే దానికి ఎదురవుతున్న పెద్ద ప్రమాదం. చెట్లు లేని నేలంతా వృథా నేల కాదన్న సంగతి మన రికార్డుల్లో ఇంకా సరిగా నమోదు కావలసి ఉంది.

ప్రశ్న: గుంటూరు–నంద్యాల రైలు దిగువమెట్ట దాటాక ఎందుకంత మెల్లగా పోతుంది? ఆ అడవిలో నీలం రంగు సాలీడు ఉందని విన్నాను, నిజమా?
– రైల్వే ప్రయాణికుడు, గిద్దలూరు

నల్లమల చాళ్లను దాటడానికి పూర్వం నుంచి ఉన్న దారులలో ముఖ్యమైనవి మంత్రాలమ్మ కనుమ, నంది కనుమ. మీ రైలు నంది కనుమ ప్రాంతం గుండా పోతుంది. 1880లలో మీటర్ గేజ్‌గా వేసిన ఆ మార్గంలో బొగద సొరంగం, దొరబావి వంతెన ఉండేవి. బ్రాడ్ గేజ్‌గా మార్చినప్పుడు దారిని కొంత పక్కకు మళ్లించి కొత్త సొరంగం తవ్వారు. ఎత్తు, వంపులు, వన్యప్రాణులు – ఈ మూడూ ఉన్న చోట వేగం తగ్గించడం తప్పదు.

సాలీడు సంగతీ నిజమే. మెరిసే నీలం రంగున్న ఆ పెద్ద సాలీడును శాస్త్రజ్ఞులు 1899లో మొదట వర్ణించినప్పుడు, అది దొరికిన చోటుగా గుత్తి పేరు రాశారు. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిందది. బహుశా అడవి నుంచి కలపతో పాటే చేరి ఉంటుంది. తరువాత వంద సంవత్సరాలకు, 2001లో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో అది మళ్లీ కనిపించింది. పాత చెట్ల తొర్రలే దాని ఇల్లు. ప్రపంచంలో మరెక్కడా లేని ఈ జీవి అత్యంత ప్రమాదస్థితిలో ఉంది. పెంపకం కోసం దొంగతనంగా పట్టేవారూ ఉన్నారు కనుక, ఎక్కడ కనిపించినా ఆ చోటు వివరాలు ఫోటోతో పాటు బయటపెట్టకండి.

ప్రశ్న: శ్రీశైలం ఘాట్ దారిని రాత్రి 9 గంటలకే మూసేస్తున్నారు. భక్తులకు ఇబ్బంది కదా?
– పాఠకుడు, వినుకొండ

ఇబ్బందే, కాదనను. ఈ దారి పోయేది నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం గుండా. 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ అడవి రాష్ట్ర విభజన తరువాత రెండు అయింది. కృష్ణకు దక్షిణాన ఉన్నది ఆంధ్రప్రదేశ్ వైపుది, ఉత్తరాన ఉన్నది తెలంగాణలోని అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతం. చిరుత, ఎలుగుబంటి, దుప్పి, అడవిపంది ఎక్కువగా కదిలేది చీకటి పడ్డాకనే. రోడ్డు వాటి నీటి దారులను అడ్డంగా కోస్తుంది. వాహనం లైట్ల ముందు దుప్పి పరుగెత్తదు, బిత్తరపోయి నిలబడిపోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు దోర్నాల, మన్ననూరు గేట్లు మూసి ఉంచడం వల్ల వాటికి కొన్ని గంటలైనా ఆ దారి దక్కుతోంది. మీరు వినుకొండ నుంచి బయలుదేరేవారు కనుక, సాయంత్రం 7 గంటలకల్లా దోర్నాల చేరేలా చూసుకోండి. ఆలస్యమైతే మార్కాపురంలో ఆగి తెల్లవారి వెళ్లడం మేలు. అడవిలో ప్లాస్టిక్ పారవేయకండి, కోతులకు తిండి పెట్టకండి. తిండికి అలవాటు పడిన కోతులు రోడ్డు పక్కనే కూర్చుని చక్రాల కింద పడుతున్నాయి.